పుస్తకాల తెర

మా తమ్ముడి ముఖంలో దొంగ కనిపిస్తున్నాడని స్కూలు పేరెంట్స్ కమిటీ తేల్చేసింది. స్కూలు వ్యానుకి డ్రైవరు కావాలంటే వాడు దరఖాస్తుతో పాటు తన దగ్గరున్న ఫోటో ఒకటి పంపాడు. పని చేసిన గ్యారేజీ మూతపడిన రోజున ఎవరో తీసిన ఫోటో అది. వెనక సగం దించిన షట్టరు, పక్కన ఇనుప కటకటాలు. అప్పటి నుంచి ఇల్లు మా మరదలి కుట్టుమిషను మీదే నడుస్తోంది. ఈ పని రాకపోతే వాడు పిల్లల్ని వదిలేసి దూరాలు తిరిగే లారీ ఎక్కాల్సిందే.

నాది ఫోటో స్టూడియో. కమిటీ పెద్దాయన మనవరాలికి ఫోటోలు తీయించడానికి వచ్చినప్పుడు మాటల్లో పెట్టి ఆ డ్రైవరు సంగతి అడిగాను. వాడు నా తమ్ముడని ఆయనకి తెలియనివ్వలేదు.

"ముఖం చూస్తే మనిషిని చెప్పేస్తానమ్మా నేను. ఆ కళ్ళలో నిలకడ లేదు. పసిపిల్లల్ని అతని చేతిలో ఎలా పెడతాం?"

ఒళ్ళు మండిపోయింది. "నిజమేనండీ," అన్నాను. వ్యాపారం చేసుకునేదాన్ని కదా.

ఆయన వెళ్ళగానే అదే ఫోటో కంప్యూటర్లో తెరిచాను. తమ్ముడి ముఖం మీద చెయ్యి వెయ్యలేదు. అవే కళ్ళు, అదే మాసిన గడ్డం. వెనకున్న షట్టరు, కటకటాలు తీసేసి మా స్టూడియోలో వేలాడే పుస్తకాల తెరని పెట్టాను. లావుపాటి పుస్తకాల వరసలు అచ్చేసిన గుడ్డ అది. పెద్దమనుషుల్లా కనబడాలనుకున్న వాళ్ళంతా దాని ముందే నిలబడతారు. వాళ్ళలో సగంమంది బడి వదిలాక పుస్తకం ముట్టి ఉండరు.

ఆ ఫోటోతో మళ్ళీ దరఖాస్తు పెట్టించాను. దొంగ అని తేల్చినవాడి పేరైనా ఆ మహానుభావులకి గుర్తులేదు. పెద్దాయన మనవరాలి ఫోటోలు తీసుకెళ్ళడానికి వచ్చి మురిసిపోయాడు.

"మంచివాడు దొరికాడమ్మా. ఎంత నిదానమో ఆ కళ్ళే చెబుతున్నాయి."

వీళ్ళ తెలివి ఏడ్చినట్టే ఉందనుకున్నాను.

పనిలో చేరిన రోజు పొద్దున్నే తమ్ముడు ఫోన్ చేశాడు. మొదటి ఇంటి దగ్గరే ఒక తల్లి పాపని వెనక్కి లాక్కుందట. కమిటీ పంపిన ఫోటోలో ఉన్నాయన వేరు, నువ్వెవరని అడిగిందట. పెద్దాయన వచ్చి, అసలు డ్రైవరు వచ్చేదాకా వ్యాను కదలదన్నాడట.

"లైసెన్సు చూపించలేదట్రా?"

"చూపించానక్కా. అందులో ఇంకా దొంగలా ఉన్నాను."

తెర ఊడదీసి చుట్ట చుట్టుకుని స్కూటరు మీద వెళ్ళాను. పెద్దాయన, ఆ తల్లి వీధి చివర నిలబడి అసలు డ్రైవరు కోసం ఎదురుచూస్తున్నారు. వాళ్ళు ఇటు తిరిగేలోగా డ్రైవరు సీటు వెనక తెర కట్టేసి, తమ్ముణ్ణి దాని ముందు కూర్చోబెట్టాను.

పెద్దాయన వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. ముఖం విప్పారింది.

"ఇదిగో, మన డ్రైవరు వచ్చేశాడు. నేను చెప్పలేదూ, ఆ కళ్ళు చూడండి."

ఆ తల్లి చూసి, తల ఊపి, పాపని ఎక్కించింది. పాప లోపలికి వెళ్తూనే తెరని వేలితో పొడిచింది.

"అమ్మా, ఇవి పుస్తకాలు కావు."

"ఊరుకో, బుద్ధిగా కూర్చో," అంది తల్లి.

సాయంత్రం తెర వెనక్కి తీసుకుందామని వెళ్ళాను. తమ్ముడు ఇంకా స్టీరింగు దగ్గరే కూర్చుని ఉన్నాడు.

"ఉండనీ అక్కా. కిందికి దిగితే నేను మళ్ళీ దొంగనే కదా."