చిలికే ఇంట్లో చెయ్యి వెయ్యనివాడు

నోనీ సుగ్రూ ఇంట్లో శుక్రవారం వెన్న తీసే రోజు. కెర్రీ కొండవాలు మీద ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఆ పూట గడప తొక్కినవాడు పోస్టుమాన్ అయినా, ఫాదర్ గారే అయినా, ముందు "పనికి దేవుడి దీవెన" అనాలి. తర్వాత మీగడ చిలికే పీపాలోని కర్ర పట్టుకుని నాలుగు పోట్లు వెయ్యాలి. చెయ్యి వెయ్యకుండా బయటికి నడిచినవాడు ఇంటి వెన్నను తన వెంట పట్టుకుపోతాడని అక్కడి నమ్మకం.

ఊనా క్రిమిన్స్ దీన్ని తిట్లు తిని నేర్చుకుంది. ఊనాకు ఏ పత్రికాఫీసులోనూ కుర్చీ లేదు. తిండి గురించీ పాత అలవాట్ల గురించీ ఊరూరా తిరిగి రాసి పంపుతుంది. కిందటి అక్టోబరులో మొదటిసారి వచ్చి, గుమ్మంలో నిలబడి నోట్‌బుక్‌లో రాసుకుంటుంటే నోనీ కసిరింది.

"దేవుడు నీకు చేతులిచ్చింది రాసుకోడానికేనా పిల్లా?"

అప్పటినుంచి ఊనా నెలకు రెండు శుక్రవారాలు ఆ కొండ ఎక్కుతోంది. అరచేతుల్లో కాయలు కాశాయి. మే నెల వచ్చేసరికి నోనీ వెన్న మీద వ్యాసం పూర్తయింది. తొమ్మిదేళ్ళుగా తను రాస్తున్న ఆదివారం పత్రికకు పంపింది.

గురువారం సంపాదకుడు ఫింటన్ రోచ్ ఫోన్ చేశాడు. వ్యాసం చాలా బాగుందన్నాడు. అంత మెచ్చుకున్నాడంటే వెనకాల ఏదో ఉందని ఊనాకు అప్పుడే అర్థమైంది.

"ఆ ముసలావిడ పేరు మాత్రం తీసెయ్యి" అన్నాడు ఫింటన్. "కొండమీద ఒక పెద్దావిడ అంటే చాలు. ఎదురు పేజీలో పట్నంలోని పెద్ద హోటల్ వాళ్ళ ప్రకటన ఉంది. వాళ్ళ వంటవాడు రోనన్ తన నాయనమ్మ పద్ధతిలో వెన్న చేస్తున్నాడట. రెండు పేర్లుంటే జనం గందరగోళపడతారు."

ఆ హోటల్ వాళ్ళు మూడేళ్ళు సంతలో నోనీ వెన్నే కొన్నారు. నోనీ తల్లి చెక్కించిన చెక్క అచ్చుతో వేసిన హంస ప్రతి ముద్ద మీదా ఉండేది. ఇప్పుడు హోటల్ వాళ్ళ డబ్బా మీద కూడా హంస ఉంది.

"ఆవిడ పేరు లేకపోతే అది ఆవిడ వెన్న కాదు ఫింటన్."

"రేపు రోనన్‌ని తీసుకుని అక్కడికే వస్తున్నా. పాత పీపా పక్కన ఫొటో తీస్తాం. ఆవిడ రమ్మంది. నువ్వూ రా, కూర్చుని మాట్లాడుకుందాం."

శుక్రవారం ఊనా వెళ్ళేసరికి నోనీ చిలుకుతోంది. పొయ్యిలో పీట్ గడ్డలు, బురదనేల నుంచి కోసి ఎండబెట్టినవి, రాజుకుంటున్నాయి. గోడమీద ఏసు తిరుహృదయ పటం ముందు చిన్న ఎర్రదీపం వెలుగుతోంది. ఊనా దీవెన చెప్పి కర్ర అందుకుంది. హోటల్ సంగతి చెబుతుంటే నోనీ మీగడ చిందిన ఏప్రాన్ తుడుచుకుంటూ వింది.

"నా హంసను కూడానా?" అంది చివరికి.

కారు ఆగింది. ముందు ఫింటన్ వచ్చాడు. గుమ్మం పక్క గిన్నెలోని దీవించిన నీళ్ళలో వేలు ముంచి సిలువ గుర్తు వేసుకున్నాడు. "పనికి దేవుడి దీవెన" అన్నాడు. అలవాటు కొద్దీ చెయ్యి చాచి ఊనా దగ్గర కర్ర తీసుకున్నాడు. అతను పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాడు.

వెనకాల రోనన్ తెల్లకోటుతో వచ్చాడు. గది నలుమూలలా చూసి, వెలుతురు చాలదన్నాడు.

"నీది ఏ ఊరు బాబూ? మీ నాయనమ్మ ఎవరింటి ఆడపడుచు?" అని అడిగింది నోనీ.

"ఇటువైపే పెద్దమ్మా. చిన్నప్పుడు పక్కనే కూర్చుని చూసేవాణ్ణి, ఎంత వెన్న తీసేదో!"

"మంచిది. అయితే రా, ఓ నాలుగు పోట్లు వెయ్యి."

"కోటు మీద చిందుతుంది. అయినా మా వంటింట్లో దానికి మిషనుంది" అని నవ్వాడు రోనన్. ఇంతలో ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ గుమ్మం వైపు నడిచాడు.

నోనీ గబుక్కున లేచింది. "ఆగు! ఒరే, ఆగరా! చెయ్యి వేసి వెళ్ళు!"

అతను ఆగలేదు. పెరట్లోకి వెళ్ళి కోళ్ళ మధ్య నిలబడి మాట్లాడుతున్నాడు. ఫింటన్ చేతిలో కర్ర ఆగిపోయింది.

"చూశావా?" అంది ఊనా. "చిలికే ఇంట్లో పెరిగినవాడెవడైనా అలా వెళ్తాడా? నువ్వు గడప దాటగానే నీ చెయ్యి దానంతటదే కర్ర మీదికి పోయింది."

ఫింటన్ తన చేతివైపు చూసుకున్నాడు. "చూశాను. కానీ పేజీకి డబ్బిచ్చేది హోటల్ వాళ్ళు ఊనా."

"వ్యాసం నాది. ఆవిడ పేరు కొట్టేస్తే నా పేరూ కొట్టెయ్యి. దాని కింద ఉన్న వ్యాసమంతా కొట్టెయ్యి. ఒక్క ముక్క వాడుకోవడానికి వీల్లేదు."

"మొండికెయ్యకు. మళ్ళీ నీకు ఈ పత్రికలో చోటుండదు. ఇంకెక్కడ రాస్తావ్?"

"చర్చిలో ఆదివారం పూజకు పంచే కాగితంలో రాస్తా."

"ఫాదర్ గారు వద్దంటే?"

"చర్చి గోడ బయట నిలబడి చదువుతా. వర్షమొస్తే గొడుగేసుకుని చదువుతా."

నోనీ ఫక్కున నవ్వింది. ఫింటన్ నవ్వలేదు. కానీ వెళ్ళేముందు తన పోట్లు అయిపోయినా మళ్ళీ నాలుగు వేశాడు. "వాడి వంతు" అని గొణిగి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఫొటో తియ్యలేదు.

ఆ రోజు వెన్న ఎంతకీ రాలేదు. రోనన్ పట్టుకుపోయాడంది నోనీ. తలుపు బార్లా తెరిచి ఉండడంతో మీగడ చల్లబడిందనుకుంది ఊనా. ఒక తెల్లకోటువాడు తప్పు నడిచాడని దేవుడు ఈ ముసలామె వెన్న ఆపుతాడా? ఆపడనే ఊనా నమ్మకం. అయినా ఆ మాట పైకి అనలేదు, చెయ్యి ఆపలేదు. ఒకరు అలిసిపోతే ఒకరు అందుకున్నారు. గంట గడిచాక పీపాలో చప్పుడు మారింది. కర్రకు పసుపుపచ్చని రవ్వలు అంటుకున్నాయి.

"వచ్చింది" అంది నోనీ. "వాడబ్బ తరమా!"

వ్యాసాన్ని పూజ కాగితంలో వేస్తానంటే ఫాదర్ గారు కాదనలేదు. ఆయనా ఆ కర్ర పట్టుకున్నవాడే. ఆదివారం పూజకు వచ్చినవాళ్ళందరి చేతుల్లోకీ 'నోనీ సుగ్రూ, ఆమె వెన్న' అనే కాగితం వెళ్ళింది. నోనీ కళ్ళజోడు పెట్టుకుని మెట్ల మీదే మొత్తం చదివింది.

"డెబ్భై ఎనిమిదని వేశావేంటే? నాకు ఇంకా డెబ్భై ఏడే!"

అదే రోజు పత్రిక కూడా వచ్చింది. హోటల్ పేజీ రంగుల్లో మెరుస్తోంది. దాని ఎదుట ఏదో బిస్కెట్ల గురించి ఎవరో రాశారు. ఊనా పేరు ఆ వారం లేదు. ఇకముందూ ఉండదు.

తర్వాతి శుక్రవారం ఊనా గడప దాటి దీవెన చెప్పేసరికి పీపా కింద ఆ రంగుల పేజీ పరిచి ఉంది. చిందిన మజ్జిగకు హోటల్ వాళ్ళ హంస అప్పటికే నానిపోయింది.

"కాగితం మందంగా ఉంది, బాగా పీలుస్తోంది" అంది నోనీ. "ఏం చూస్తున్నావ్ నిలబడి? చెయ్యి వెయ్యి."

ఊనా చొక్కా చేతులు పైకి మడిచి కర్ర అందుకుంది.