వేడి సీసా వద్దు

నేను ఒక సెలైన్ స్టాండుని. ఆసుపత్రికి వెళ్లినవాళ్లంతా నన్ను చూసే ఉంటారు, కానీ చూసినట్టు ఎవరికీ గుర్తుండదు. మంచం పక్కన నిలబడి సీసా మోస్తాను. జనం సీసాలో పడే చుక్కల వంక చూస్తారు గానీ దాన్ని పట్టుకున్నదెవరని అడగరు. అడగకపోయినా ఫరవాలేదు. ఒక్క రోజు సంగతి మాత్రం చెప్పుకోకపోతే నా మనసు ఊరుకోదు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో, ఒక వెల్డింగ్ షెడ్డులో. ఒకదాన్లో ఒకటి దూరే రెండు స్టీలు గొట్టాలు, పైన నాలుగు కొక్కాలు, కింద ఐదు చక్రాలు, నడుమ ఒక మర. మర వదులు చేస్తే ఎదుగుతాను, బిగిస్తే ఆగిపోతాను. నా ఎత్తు కూడా నా ఇష్టం కాదన్నమాట. చక్రాల్లో ఒకటి పుట్టుకతోనే కీచుమనేది. నన్ను చేసినాయన నూనె చుక్క వేసి ఇక అరవదని చెప్పాడు. ఇరవై ఏళ్లపాటు అరుస్తూనే ఉండింది.

మొదట మార్కాపురంలో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రిలో ఉన్నాను. అక్కడ సీసాలకంటే తువ్వాళ్లూ, టిఫిన్ క్యారియర్లూ, ఆరేసిన పసిపిల్లల జుబ్బాలే ఎక్కువ మోశాను. డాక్టరమ్మకు వయసు మీదపడి ఆసుపత్రి మూసేశాక, మంచాలతోపాటు నన్నూ లారీ ఎక్కించి ఒంగోలు పంపారు. పెద్ద ఆసుపత్రి, పేరెందుకులెండి. కిడ్నీ జబ్బుల ఆపరేషన్ థియేటర్లో పెట్టారు.

ఆ థియేటర్‌ని నడిపేది సిస్టర్ దీవెనమ్మ. యాభై దాటిన మనిషి, మాట కటువు, చెయ్యి మెత్తన. రోజూ మొదటి ఆపరేషన్‌కి ముందు నా గొట్టం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఆ రోజు పేషెంట్ల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి చెప్పేది. ఆవిడకో అలవాటుండేది. అప్పట్లో అక్కడ ఆపరేషన్లు చేసే డాక్టర్ హనీఫ్ కిడ్నీ రాళ్లను చిన్న సుత్తిలా కొట్టే మిషనుతో పగలగొట్టేవారు. రాయి కనపడాలంటే లోపలికి నీళ్లు పారుతూనే ఉండాలి. సీసా మీద సీసా చల్లటి సెలైను పోతుంటే పేషెంట్లు గడగడ వణికేవాళ్లు. దీవెనమ్మ చూడలేకపోయింది. సీసాలను ముందే వేడిపెట్టెలో ఉంచి, వెచ్చబడ్డాక తెచ్చి నాకు తగిలించేది. వణుకు తగ్గినవాళ్లు చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. పన్నెండేళ్లు అలా జరిగింది.

తర్వాత లేజర్ వచ్చింది. మొదటిరోజే డాక్టర్ హనీఫ్ అందరినీ నిలబెట్టి చెప్పారు. వెంట్రుకలాంటి తీగ చివర వెలుగు పుట్టి రాయిని పొడి చేస్తుందట. రాయితోపాటు చుట్టూ ఉన్న నీరూ వేడెక్కుతుందట. ఆ నీరు పారకుండా నిలిచిపోతే, కిడ్నీ నుంచి కిందికి దిగే మెత్తని గొట్టం ఉడికిపోతుంది. ఆ పూట ఏమీ కనపడదు. నెలలు గడిచాక కాలినచోట మచ్చ కట్టి దారి మూసుకుపోతుంది. అందుకని నీళ్లు ఆగకూడదు, లేజరుని వెలిగించే కాలి పెడలు అదేపనిగా తొక్కకూడదు, లేజరు బలం అవసరానికి మించి పెంచకూడదు. నన్ను మరీ ఎత్తు లేపకూడదు, పైనుంచి దిగే నీటి ఒత్తిడిని కిడ్నీ ఓర్చుకోలేదు. చివరగా, వేడి సీసా వద్దు. దీవెనమ్మ తల ఊపింది. తల వింది గానీ, పన్నెండేళ్లుగా అలవాటైన చెయ్యి విన్నదో లేదో ఎవరూ కనుక్కోలేదు.

కొన్నాళ్లకు వెంగమ్మ వచ్చింది. మార్కాపురం నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కే బస్సులో కండక్టరు. పందొమ్మిదేళ్ల సర్వీసు. డ్యూటీలో ఉన్నంతసేపూ గుటకైనా నీళ్లు తాగేది కాదు. తాగితే మధ్యలో దిగాలి, దిగితే ఆడమనిషి వెళ్లడానికి చోటు లేదు. అలా ఎండబెట్టుకున్న ఒంట్లో రాయి పుట్టింది. చిన్నప్పుడే ఒక కిడ్నీ ముడుచుకుపోయిన మనిషి ఆమె. పనిచేసేది ఒక్కటే. రాయి సరిగ్గా దాని గొట్టంలోనే ఇరుక్కుంది. ఈ గొట్టానికి ఏమన్నా అయితే బతికినన్నాళ్లూ డయాలిసిస్ తప్పదని, ఇక బస్సు ఎక్కడం ఉండదని డాక్టర్ దాపరికం లేకుండా చెప్పారు.

వెంగమ్మ లెక్క వేరు. ఇదంతా ఒంట్లో వేడి చేయడంవల్లేనని ఆమె నమ్మకం. మనుషులకు ఈ మాటంటే ఎందుకంత ఇష్టమో నాకు తెలియదు. కళ్లు మండినా వేడే, నోరు పొక్కినా వేడే, ముక్కులోంచి రక్తం వచ్చినా వేడే. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టుకుంటారు, బార్లీ కాచుకుంటారు. వెంగమ్మా అన్నీ తాగింది, డ్యూటీ దిగాక. పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎండబెట్టుకుని అప్పుడు చలవ చేసుకునేది. పాపం, అంతకన్నా ఏం చేయగలదు?

ఆపరేషన్ రోజు నడుముకి మత్తిచ్చారు. కింది సగం మొద్దుబారింది, మనిషి మెలకువగానే ఉంది. ఛాతీ దగ్గర గుడ్డ అడ్డం కట్టారు. ఏసీకో, భయానికో దవడలు కొట్టుకోసాగాయి. "చలిగా ఉంది సిస్టరమ్మా," అంది. దీవెనమ్మ మొహం ఒక్కసారి మెత్తబడింది. గబగబా వెళ్లి వేడిపెట్టెలోంచి రెండు సీసాలు తెచ్చి నా కొక్కాలకు తగిలించింది. వెచ్చని నీళ్లు పెట్టానని, ఇక చలి ఉండదని ఆమె చెంప నిమిరి చెప్పింది. రాయి మీదే దృష్టి పెట్టిన డాక్టర్‌కి ఆ మాట వినపడలేదు.

నాకు తెలిసింది. కొక్కాలకు తగిలిన వెచ్చదనం నా గొట్టంలోంచి నడుము దాకా దిగింది. డాక్టర్ చెప్పింది విన్నదాన్ని. కానీ అరవడానికి నాకున్నది ఒక్క చక్రం. అదీ ఎవరైనా తోస్తేనే. అంత నిస్సహాయంగా నేనెప్పుడూ నిలబడలేదు.

లేజరు టిక్కు టిక్కుమని మొదలైంది. రాయి గట్టిది. కొంతసేపటికి వెంగమ్మ, లోపల రాయి కాలుతోందా అని అడిగింది. పొడి అవుతోందని, వేడి పుడుతుంది గానీ నీళ్లు పారుతున్నాయి కాబట్టి భయం లేదని డాక్టర్ చెప్పారు. ఆమె తల తిప్పి నా వంకే చూసింది.

"మా ఘాట్లో బండి వేడెక్కితే డ్రైవరన్న ఆపేస్తాడు సార్. కాసేపు ఆరనిచ్చి చన్నీళ్లు పోస్తాడు. ఈడేందో వెచ్చని నీళ్లు పోస్తన్నారు. మీ బండి పద్ధతి వేరేమోలే."

దీవెనమ్మ చెయ్యి సీసా మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది. మాట్లాడకుండా సీసాలు మార్చేయవచ్చు. ఎవరికీ తెలిసేది కాదు, నాకు తప్ప.

"సార్, పెడలు మీంచి కాలు తీయండి," అంది. "నేను వేడి సీసాలు తగిలించాను."

టిక్కు టిక్కు ఆగింది. డాక్టర్ అరవలేదు. ఎంతసేపైందని అడిగారు. నాలుగు నిమిషాలంది. వేడి సీసాలు దించేసి, అరలోంచి చల్లనివి తెచ్చి తగిలించింది. సీసాల కింది సన్నని ప్లాస్టిక్ గొట్టంలో మిగిలిన వెచ్చని నీటిని తొట్టిలోకి వదిలేసి, చల్లని నీరు లోపలికి పారనిచ్చింది. డాక్టర్ లేజరు బలం తగ్గించి, పెడలు కాసేపు తొక్కుతూ కాసేపు ఆపుతూ నిదానంగా రాయిని పొడి చేశారు. దీవెనమ్మ రెండు రగ్గులు తెచ్చి వెంగమ్మ ఛాతీ మీదా భుజాల మీదా కప్పి, ఆమె చేతులు తన చేతుల్లో పెట్టుకుని రుద్దుతూ కూర్చుంది. వణుకు అలాగే తగ్గింది. కావలసిన వెచ్చదనం బయటినుంచి ఇవ్వొచ్చని ఆ గదిలో అందరికీ అప్పుడే తట్టింది.

కిడ్నీ గొట్టం గోడ గులాబీరంగులోనే ఉందని, కాలిన జాడ లేదని డాక్టర్ చెప్పారు. కానీ సంగతి తేలేది మూడు నెలల తర్వాత స్కానులోనేనన్నారు. ఆ సాయంత్రం దీవెనమ్మ తెల్లటి ప్లాస్టరు ముక్క మీద "లేజరుకి వేడి సీసా వద్దు" అని రాసి, సరిగ్గా కళ్లెదురుగా నా గొట్టానికి అంటించింది. మర్నాటినుంచి ఆవిడ ప్రార్థనలో ఆ రోజు పేషెంట్ల పేర్ల తర్వాత ఇంకో పేరు వచ్చేది. మూడు నెలలూ వచ్చింది.

స్కాను చూపించుకున్న రోజు వెంగమ్మ నేరుగా థియేటర్ తలుపు దగ్గరికొచ్చింది. దారి శుభ్రంగా తెరుచుకుని ఉంది, కిడ్నీ బాగా పనిచేస్తోంది. దీవెనమ్మ గోడకి ఆనుకుంది. తర్వాత ఆ రోజు తప్పు తనదేనని, క్షమించమని అడిగింది.

"చలి అన్నది నేనేగా సిస్టరమ్మా," అంది వెంగమ్మ. "అడగంగానే ఇన్నారు. మా బస్సులో పందొమ్మిదేళ్లనుంచి ఒక్కరన్నా అడిగారా, నీళ్లు తాగినావా అని."

డిపో మేనేజరు దగ్గర పట్టుబట్టి దోర్నాలలో ఐదు నిమిషాలు బస్సు ఆపించుకుంటున్నానని, అక్కడ ఆడవాళ్లకు చోటుందని చెప్పి వెళ్లింది.

ఆ తర్వాత నాలుగేళ్లు పనిచేశాను. ఒకరోజు నీళ్లను కొలిచి పంపే పంపు మిషను వచ్చింది. నా మర కూడా అరిగిపోయింది. దీవెనమ్మ నన్ను బయటికి తోయించేముందు, ప్లాస్టరు ముక్కను గోటితో నెమ్మదిగా ఊడదీసి కొత్త మిషనుకి అంటించింది. చక్రం చివరిసారిగా కీచుమంది.

ఇప్పుడు ఆసుపత్రి వెనక, విరిగిన మంచాల పక్కన, సిమెంటు బల్ల దగ్గర ఉన్నాను. పాతసామాన్లవాడు ఇంకా రాలేదు. మొన్న, ఏటేటా చేయించుకునే పరీక్షలకు వచ్చిన వెంగమ్మ నీడ చూసుకుని ఆ బల్ల మీద కూర్చుంది. ఖాకీ చొక్కా వేసుకుంది, అక్కడినుంచి డ్యూటీకి పోతుందేమో. సంచిలోంచి లీటరు సీసా తీసి, ఆగి ఆగి, అడుగుదాకా తాగింది. పేరు పిలిచారు. చేతిలో కాగితాలున్నాయి. ఇటూ అటూ చూసి, ఖాళీ సీసాని దాని తాడుతో నా కొక్కానికి తగిలించి లోపలికి వెళ్లింది.

ఎన్ని వేల సీసాలు మోశానో. అన్నీ నిండుగా వచ్చి నా మీద ఖాళీ అయినవే. ఇది ఖాళీ అయ్యాక నా దగ్గరికొచ్చింది. ఆమె తిరిగొచ్చేదాకా జాగ్రత్తగా పట్టుకున్నాను.