ఖాయమైనదానికి ఒక చెంచా

క్రైస్ట్‌చర్చ్‌లో బాలసుబ్రహ్మణ్యం కొన్న ఇంటికి డిష్‌వాషర్ కూడా వచ్చింది. వచ్చి ఏం లాభం? వాళ్లమ్మ కామేశ్వరమ్మకి దాని మీద నమ్మకం లేదు. పులుసు కాచిన గిన్నె చేత్తో తోమితేగాని వదలదని ఆవిడ తీర్పు, ఆ తీర్పు మీద అప్పీలు లేదు. కాబట్టి ఆ ఇంట్లో డిష్‌వాషర్ అంటే కడిగిన గిన్నెలు ఆరబెట్టుకునే అర. సింకు దగ్గర ఎవరు నిలబడాలన్న తగువు మాత్రం రోజూ ఉండేది.

ఆ తగువు తీర్చడానికే బాలు పందేలు పెట్టాడు. అతను ఇన్సూరెన్స్ కంపెనీలో రిస్క్ లెక్కలు కడతాడు. భూకంపం వస్తే ఏ ఇంటికి ఎంత నష్టమో అంచనా వేయడం అతని ఉద్యోగం. అలాంటివాడు పందెం పెడితే ఊరికే పెడతాడా? కూతురు రష్మికి పదకొండేళ్లు, ఫుట్‌బాల్ క్లబ్ జట్టులో గోల్‌కీపర్. ప్రతి శనివారం పొద్దున మ్యాచ్. బయల్దేరేముందు పెద్దవాళ్లు ముగ్గురూ ఫ్రిజ్ మీది కాగితంలో తలా ఒక పందెం రాయాలి. ఎవరి పందెం నిజమైతే వాళ్లకి గిన్నెల నుంచి సెలవు. ఆ సెలవు రోజుల్లో ఓడినవాళ్లు తోమాలి.

ఎన్ని రోజులన్నది బాలు కట్టిన ధర. జరిగే అవకాశం ఎంత తక్కువైతే సెలవు అంత ఎక్కువ. రష్మి జట్టు ఓడిపోతుందని రాస్తే ఒక్క రోజే, ఎందుకంటే ఆ జట్టుకి ఓడిపోవడం బాగా అలవాటు. డ్రా అంటే నాలుగు రోజులు, గెలుపు అంటే వారం. స్కోరు అంకెలతో సహా సరిగ్గా చెబితే రెండు వారాలు. రష్మి ఒక్క గోల్ కూడా పడనివ్వదంటే ఏకంగా నెల, తప్పితే నెలంతా వాళ్లే తోమాలి. ఇవి చాలవన్నట్టు మల్టీ అని ఇంకొకటి. మూడు పందేలు కలిపి కడితే సెలవులు ఒకదానితో ఒకటి గుణించుకుంటూ పెరుగుతాయి, కానీ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మొత్తం పోయినట్టే. కామేశ్వరమ్మ ఇదంతా శ్రద్ధగా విని, "మూడు కొబ్బరికాయలు కొడితే ఒకటి కుళ్లిందనుకో, మిగతా రెండూ దేవుడికి అక్కర్లేదంటావుట్రా?" అని అడిగింది. మల్టీ ఆ రోజుతో మూలపడింది.

ఆవిడ ఎప్పుడూ గెలుపే రాసేది. మనవరాలి మీద ఇంకేం రాస్తుంది? ఆస్పత్రిలో నర్సుగా పనిచేసే కోడలు ఆశాజ్యోతి ఎవరి మనసూ నొప్పించకుండా డ్రా రాసేది. బాలు మాత్రం లెక్క తెలిసినవాడు, ఓటమి రాసి వారం వారం ఒక రోజు సెలవు కొట్టేసేవాడు. ఒక్కసారి, జులైలో, అంటే అక్కడ నడి చలికాలంలో, కామేశ్వరమ్మ మాట మార్చి, ఇవాళ గ్రౌండ్‌లో చలేస్తుందని రాయమంది. ఖాయంగా జరిగేదానికి పందెం ఉండదని బాలు ఎంత చెప్పినా వినలేదు. చివరికి వదిలించుకోలేక, ఖాయమైనదానికి ఒక చెంచా అని ధర కట్టాడు. ఆ పొద్దున హాగ్లీ పార్కులో గడ్డి మంచుతో తెల్లగా ఉంది. రాత్రి బాలు తల్లి తరఫున ఒకే ఒక్క చెంచా కడిగి, రెండు చేతులతో ఆవిడకి అందించాడు. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు.

ఈ పందేల కాగితం అందరూ తెలుగులోనే రాయాలన్నది బాలు నియమం. రష్మికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. ఎవరేం రాశారో పిల్లకి తెలియకూడదని, అందులోనే ఉంది అతని తెలివంతా. అతనికి తెలియనిదల్లా, కామేశ్వరమ్మ మూడు నెలలుగా మనవరాలికి అక్షరాలు దిద్దిస్తోందని. పలక లేదు, పెద్దబాలశిక్ష లేదు, ఎదురుగా ఉన్న ఫ్రిజ్ కాగితమే ఆవిడకి వాచకం అయింది. అయితే ఆ గుణింతాలు ఎక్కడికి దారి తీస్తాయో ఆవిడ కూడా ఆలోచించలేదు పాపం.

సీజన్ చివరి మ్యాచ్‌కి రెండు రోజుల ముందు రష్మి ఫ్రిజ్ ముందు నిలబడి, వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. బాలు. ఓడిపోతారు. కింద వరసలో మళ్లీ అదే. దాని కింద మళ్లీ అదే. టీ తాగుతున్న బాలు కప్పు కింద పెట్టేశాడు.

"పదకొండు వీక్స్, నాన్నా. అన్నీ లూజ్ అనే రాశావ్."

అది జట్టు గురించి గానీ నీ గురించి కాదని బాలు చెప్పబోయాడు. అవకాశాలు, ధరలు, సగటు అంటూ మొదలుపెట్టాడు. ఆఫీసులో పెద్ద పెద్దవాళ్లు తలూపే మాటలే అవి. పదకొండేళ్ల పిల్ల తల ఊపలేదు.

"సైడ్‌లైన్‌లో కమాన్ రష్మీ అని అరుస్తావ్ కదా," అంది. "అప్పుడు కూడా లూజ్ అవ్వాలనే ఉంటుందా నీకు?"

శనివారం ఆడనని, వచ్చే ఏడు జట్టులోనే చేరనని చెప్పి రష్మి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. వారానికో రోజు సింకు పని తప్పించుకోవడానికి బాలు కూతురి నమ్మకం ఖర్చుపెట్టుకున్నాడు. ఇంతకంటే తెలివితక్కువ లెక్క జీవితంలో కట్టలేదని అతనికి తెలుస్తూనే ఉంది.

శనివారం పొద్దున ఫ్రిజ్ మీద కొత్త కాగితం ఉంది. పిల్ల చదవడానికి వీలుగా పెద్ద పెద్ద అక్షరాలు. బాలు. రష్మి ఒక్క గోల్ కూడా పడనివ్వదు. నెల.

రష్మి నెమ్మదిగా చదివింది. అవతలి జట్టు పట్టికలో మొదటి స్థానంలో ఉందని, మ్యాచ్‌కి అయిదారు గోల్స్ కొడుతుందని గుర్తుచేసింది. ఇది స్టుపిడ్ బెట్ అంది.

"తెలుసమ్మా," అన్నాడు బాలు. "అయినా నీ మీదే వేశాను."

రష్మి గ్లవ్స్ వెతుక్కుని వెళ్లి కార్లో కూర్చుంది.

ఆ రోజు బాలు నోటి నుంచి ఒక్క కేక రాలేదు. అరిచే హక్కు పోయిందనిపించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రష్మి ఎడమకి పడింది, కుడికి పడింది, ఒకసారి మొహంతోనే బంతి ఆపింది. సగం ఆటకి పిల్లలు నారింజ ముక్కలు తినేటప్పుడు గోల్స్ లేవు. రెండో సగం అయిపోవస్తున్నా లేవు. ఇంకో రెండు నిమిషాలుందనగా అవతలి పిల్ల ఒకతి దూరం నుంచి కొట్టిన బంతి స్తంభానికి తగిలి లోపలికి దొర్లింది. ఒకటి సున్నా.

రష్మి బంతి వైపు చూడలేదు. తండ్రి వైపు చూసింది. బాలు రెండు చేతులూ ఎత్తి, అరిచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాడు. "కమాన్ రష్మీ" అన్నది అప్పుడు బయటికి వచ్చింది.

తన వల్లే నెల పోయిందని దారిలో రష్మి సారీ చెప్పింది. నెల పోతే పోయిందిగానీ ఇంత మంచి పందెం తను ఎప్పుడూ వేయలేదన్నాడు బాలు. అది అబద్ధం కాదు. వెనక సీట్లో కామేశ్వరమ్మ కళ్లు తుడుచుకుని, బయట చలిగాలి అని వంక పెట్టింది. కారు అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

ఆ సాయంత్రం బాలు పులుసు గిన్నె తోముతుంటే రష్మి పక్కన నిలబడి పళ్లేలు తుడిచింది. పని అయ్యాక పెన్ను తీసుకుని, ఫ్రిజ్ కాగితం మీద నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని చాలాసేపు ఏదో రాసింది. రాసి, చూపించకుండానే వెళ్లిపోయింది.

బాలు చేతులు తుడుచుకుని వచ్చి చూశాడు. అక్షరాలు వంకరగా ఉన్నా విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. రష్మి. వచ్చే ఏడు కూడా నాన్న నా మీదే వేస్తాడు. పక్కన ధర కూడా తనే కట్టింది. ఒక చెంచా.

అతను ఆ వరస రెండుసార్లు చదివాడు. వచ్చే సీజన్ ఏప్రిల్‌లో గానీ మొదలవ్వదు, పందెం తేలడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. బాలు సింకు దగ్గరికి వెళ్లి, కడిగి పెట్టిన వాటిలోంచి ఒక చెంచా తీసి, మళ్లీ కడిగాడు.