మూడో చెరువు మేత

మూడో చెరువు గట్టు మీద నిలబడి రేకు డబ్బాని కర్రముక్కతో మూడుసార్లు కొట్టాడు డబ్బా బాబాయి. నీళ్ళు కలకలలాడాయి, వందల నోళ్ళు పైకొచ్చాయి. ఇరవై నాలుగేళ్ళుగా ఈ చేపల ఫారంలో ఆయన పని ఇంతే. పొద్దునా సాయంత్రం డబ్బా కొట్టి మేత చల్లడం. నీళ్ళలో నాని నాని అరికాళ్ళు పగిలాయి. బకెట్టు మోసి మోసి కుడి భుజం వేలెడు కిందికి జారింది. ఈ కాలంలో నలుగురు మేనేజర్లు మారారు. ఎవరింటికి చుట్టాలొచ్చినా గట్టు మీదికి తీసుకొచ్చి, "మా బాబాయి డబ్బా కొడితే చాలు, చేపలు పరిగెత్తుకొస్తాయి" అని చూపించేవారు. ఆయన బతుకులో గొప్పంటే అదొక్కటే.

ఎదురుగా నాలుగో చెరువు గట్టు మీద పురుగులమ్మాయి బకెట్టుతో నడుస్తోంది. డబ్బా లేదు, కర్రా లేదు. ఆమె చెప్పుల చప్పుడుకే చేపలు గట్టు పొడుగునా వెంటపడుతున్నాయి.

"ఎలా ఎగబడుతున్నాయో చూడు! సిగ్గులేని జాతి" అని గొణుక్కున్నాడు.

మేతలో కలిపే ఎండుచేపల పొడి దొరకడం కష్టమైపోతోందని మేనేజరు మూడు నెలల కిందట ఈ అమ్మాయిని తెచ్చాడు. వెనక షెడ్డులో కుళ్ళిన కూరగాయల మీద ఈగ పురుగులు పెంచుతుంది. వాటిని ఎండబెట్టి, పిండి చేసి, వెల్లుల్లీ మెంతిపొడీ కలిపి గుళికలు చేస్తుంది. ఒకే ఈడు చేపపిల్లల్ని ఒకే రోజు రెండు చెరువుల్లో వదిలారు. మూడోదానికి పాత మేత, నాలుగోదానికి పురుగుల మేత. ఏ చెరువు చేప ఎక్కువ బరువు తూగితే ఇకమీదట అన్ని చెరువులకీ ఆ మేతే.

"ఆ అమ్మాయి గెలిస్తే మేత పనంతా తనే చూసుకుంటుంది. నువ్వు హాయిగా గేటు దగ్గర కుర్చీలో కూర్చో బాబాయ్" అన్నాడు మేనేజరు.

హాయట! ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. పోనీ ఆ పిల్ల పొగరుబోతు అయినా బాగుండేది, మనసారా తిట్టుకునేవాడు. ఫ్లాస్కులో టీ తెచ్చుకుంటే ముందు ఆయనకే పోసేది. ఆ టీ తాగుతున్నంతసేపూ కడుపు మండేది.

"పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో నా కోసం ఒక్కరోజైనా ఇంత కుళ్ళుకున్నావా?" అని భార్య పకపకా నవ్వింది. "చేపలు ఎవరి చేతిది తింటే నీకేం?" ఆయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

ఆరు వారాల కిందట, తన చేపలు వెనకబడుతున్నాయని కంటిచూపుతోనే కనిపెట్టాడు. ఆ మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్ళగానే షెడ్డులో దూరి, పీపాలోంచి రెండు మగ్గుల గుళికలు తీసి పాత మేతలో కలిపాడు. తర్వాత రోజూ నాలుగు మగ్గులు.

"బాబాయ్, పీపాలో మేత తగ్గిపోతోంది. పెద్ద ఎలుకేదో పడ్డట్టుంది" అంది ఒకరోజు ఆ అమ్మాయి.

"అయ్యో, అలాగా అమ్మా!" అని ఇంటినుంచి ఎలుకల బోను తెచ్చి, రొట్టెముక్క గుచ్చి, షెడ్డు మూల తన చేతులతోనే పెట్టాడు.

ఈరోజు తూకం. పదింటికి వల లాగి రెండు చెరువుల్లోంచీ ఇరవయ్యేసి చేపలు తీశారు. మేనేజరు కాటా చూసి సగటు చెప్పాడు. నాలుగో చెరువు చేప నాలుగు వందల పది గ్రాములు. మూడోది నాలుగు వందల ఇరవై రెండు.

"అనుభవం అంటే ఇదీ!" అని మేనేజరు ఆయన భుజం తట్టాడు. "పాత మేతే నయమైనప్పుడు ఈ పురుగుల గోల మనకెందుకు? ఏమీ అనుకోకమ్మా, ఈరోజుతో షెడ్డు ఖాళీ చేసెయ్."

డబ్బా బాబాయి కడుపు చల్లబడింది. చేపల గంపకి ఒకవైపు ఆయన చెయ్యి వేశాడు, రెండోవైపు ఆమె వంగింది. వంగినదల్లా ఆగిపోయింది. ఆయన వేళ్ళ దగ్గర గుప్పున వెల్లుల్లి వాసన.

ఆయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టయింది. మేనేజరు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. ఆమె ఒక్కమాటంటే గేటు దగ్గర కుర్చీ కూడా మిగలదు.

"బాబాయ్," అంది మెల్లిగా, "మీ చేపలు ఇష్టంగా తిన్నాయా?"

ఆయన మేనేజరు వైపు ఓరగా చూశాడు. ఇంటికాడ ఎన్ని అబద్ధాలైనా ఆడాడు గానీ, చేపల తిండి గురించి ఏనాడూ ఆడలేదు.

"తిన్నాయమ్మా. డబ్బా కొట్టీ కొట్టకముందే వచ్చేసేవి."

ఆమె తలూపింది. మొహంలో చిన్న నవ్వు మెరిసింది. ఓడిపోయిన పిల్లకి ఆ తృప్తి ఎక్కణ్ణించి వచ్చింది? గెలిచిన తనకేదీ అది? ఆయనకి మళ్ళీ కుళ్ళు పుట్టింది. దాంతోపాటు సిగ్గూ పుట్టింది.

"సార్" అని పిలిచాడు.

"ఏంటి బాబాయ్?"

"ఏం లేదు. వల చిరిగింది, దారం కావాలి."

మూడింటికి వ్యాను వచ్చింది. ట్రేలూ పీపాలూ తనే ఎక్కించుకుని ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. వెళ్తూ చెయ్యి ఊపింది. ఆయన వల కుట్టుకుంటూ తలెత్తలేదు.

సాయంత్రం డబ్బా మూడుసార్లు కొట్టి పాత మేత చల్లాడు. చేపలు వచ్చాయి. నోట పట్టి, ఉమ్మేసి, వెనక్కి తిరిగి మునిగిపోయాయి. మళ్ళీ కొట్టాడు. డబ్బా సొట్టపడేదాకా కొట్టాడు. తేలిన మేత నానిపోతుంటే చూస్తూ కాసేపు నిలబడి, షెడ్డువైపు నడిచాడు.

లోపల ఏమీ లేదు. అంతా ఊడ్చి శుభ్రంగా పెట్టి వెళ్ళింది. ఆయన పెట్టిన ఎలుకల బోను ఒక్కటే మూల ఉంది, తలుపు తెరిచింది తెరిచినట్టే ఉంది, ఎండిపోయిన రొట్టెముక్క కొక్కేనికి అలాగే ఉంది.