మొదట నవ్వినావిడ

"ఆడవాళ్ళే నవ్వుతుంటే ఇక మనం నవ్వితే తప్పేమిటి?" అన్నాడు భర్త, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం వారానికి సరిపడా చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం ఆ ఇంట్లో ఎవరూ పెట్టని నియమం. ఎవరూ పెట్టలేదు కాబట్టి మార్చమని అడగడానికీ ఎవరూ లేరు. హాల్లో ఓ మూల బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, ఆ పక్కన ఆమె. తక్కిన వాళ్ళు సోఫాలో. అత్తగారు కాళ్ళు పైకి పెట్టుకుని, ఎనిమిదో తరగతి చదివే కూతురు ఒళ్ళో లెక్కల పుస్తకం పెట్టుకుని.

టీవీలో బావగారు మాట్లాడుతున్నాడు. కనపడిన ప్రతి మగవాణ్ణీ "బావా" అంటాడు కాబట్టి దేశమంతా ఆయన్ని బావగారనే అంటుంది. ఎన్నికలప్పుడు ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో పీట వేసుకుని కూర్చుంటాడు, చంటిపిల్లల ముక్కులు తుడుస్తాడు, ప్రత్యర్థుల నడకలు నడిచి చూపిస్తాడు. ఆయన హామీలు ఆయనకే గుర్తుండవు గానీ, ఆయన జోకులు మాత్రం ఊరంతా కంఠతా పడుతుంది. ఇప్పుడు ఆయన జోలపాటలు పాడే జోలమ్మ మీద పడ్డాడు.

"ఒకప్పుడు ఆవిడ పాడితే పిల్లలు నిద్రపోయేవాళ్ళు బావా. ఇప్పుడు ఆవిడే ఎవరి పక్కన నిద్రపోతోందో ఆవిడకే తెలీదట."

ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత టీవీలోంచి ఓ ఆడగొంతు గలగలమంటూ నవ్వింది. వెనకాలే స్టూడియో అంతా నవ్వింది. సోఫాలో భర్త నవ్వాడు, అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

ఆ మొదటి నవ్వు ఆమెదే. ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెళ్ళయిన కొత్తలో ఇదే హాల్లో మరిది ఏదో అంటే ఆమె పకపకా నవ్వింది. "ఇంటికోడలు ఇలా ఇకిలిస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అంది అత్తగారు. గదిలోకి వచ్చాక భర్త బుజ్జగించాడు. "అమ్మ అందని కాదు గానీ, నీ నవ్వు కాస్త ఎక్కువగా ఉంటుంది." అత్తగారు తిడితే, భర్త వాల్యూం తగ్గించాడు. కొత్తలో ఏదైనా నేర్చుకోవడం తేలిక. ఆమె నవ్వకపోవడం నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, తర్వాత తర్వాత ఎవరూ చెప్పాల్సిన అవసరమే రాలేదు.

ఆ రోజుల్లోనే టీవీ చానల్లో సౌండ్ రూంలో ఉద్యోగం. కార్యక్రమాలకి చప్పట్లు, నవ్వులు, ఈలలు అతికించే పని. అక్కడున్న పెద్ద ఇంజినీరు ఓ రోజు, "ఒక ఆడమనిషి నవ్వు కావాలమ్మా, తెచ్చిపెట్టుకున్నట్టు ఉండకూడదు" అని మైకు ముందు కూర్చోబెట్టి, తను గడ్డం సగం గీసుకున్నాక నీళ్ళు ఆగిపోతే అలాగే పెళ్ళిచూపులకి వెళ్ళిన కథ చెప్పాడు. ఇంట్లో నెలల తరబడి దాచుకున్న నవ్వంతా ఆ గదిలో కట్ట తెగినట్టు వచ్చేసింది. దాన్ని రికార్డు చేసి, ఒక బటన్‌కి తగిలించి, "గజ్జెలు" అని పేరు పెట్టారు. ప్రతిఫలంగా ఒక టీ ఇప్పించాడు. తన ఇంట్లో చోటు లేని నవ్వు ఊళ్ళో అందరి ఇళ్ళలోకీ దర్జాగా వెళ్తోందని మొదట్లో ఆమెకి గర్వంగానే ఉండేది. ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో చూసుకోలేదు. మొదట పొట్టివాళ్ళ మీద, నత్తివాళ్ళ మీద పడింది. ఆ తర్వాత పెళ్ళాలు పెట్టే బాధల మీద, లావుపాటి ఆడవాళ్ళ మీద. నలుగురితో నారాయణ అనుకుంటూ బటన్ నొక్కుతూ పోయింది.

మరి జోలమ్మ? ఆ గాయని అసలు పేరు జనం ఏనాడో మర్చిపోయారు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె ఆఫీసునుంచి వచ్చి, అంట్లు తోముకోవాలని ఫోన్లో ఆ గాయని పాట పెట్టి పిల్ల దిండు పక్కన పెట్టేది. పెంపకంలో సగం ఆ గొంతే చేసింది. అలాంటిది, ఈ మధ్య ఏదో విందులో జోలమ్మ తాగి, మెట్ల మీద తూలి పడి, మంచినీళ్ళు తెచ్చిన సర్వరుని అనరాని మాట అంది. ఎవరో వీడియో తీశారు. తప్పు తప్పే, కాదనడానికి లేదు. కానీ ఆ సర్వరు గురించి ఎవరూ మాట్లాడలేదు. నలిగిన బట్టల గురించి మాట్లాడారు, చెయ్యి పట్టి లేపిన మగవాడు ఎవరా అని మాట్లాడారు. నిన్నటిదాకా ఆవిడతో ఫొటో దిగాలని తోసుకున్నవాళ్ళే కూరగాయల కొట్టు దగ్గర నిలబడి "నాకు ముందే తెలుసు" అన్నారు. "ఆడది తాగడమేమిటి?" అంది అత్తగారు. ఆమె కూడా ఊ కొట్టింది. ఇంట్లో ఊ కొట్టడం, ఆఫీసులో బటన్ నొక్కడం. రెండింటికీ ఆలోచన అక్కర్లేదు.

నిజానికి ఈ కార్యక్రమం రికార్డు చేసిన రోజు స్టూడియోలో ఎవరూ నవ్వలేదు. ఆ సంగతి ఆమెకే బాగా తెలుసు. బావగారు ఆ మాట అన్నప్పుడు సౌండ్ రూం అద్దం ఇవతలనుంచి ఆమె ప్రేక్షకుల్ని చూస్తోంది. ముందు వరసలో ఓ నడివయసావిడ తల దించుకుంది. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బావగారి పెదాల మీద చిరునవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే ఉండిపోయింది. ఇంకొక్క క్షణం అలాగే ఉంటే ఆ మాట ఆయన మొహాన్నే వచ్చి పడేది. ఇంతలో చెవిలో ప్రొడ్యూసర్ గొంతు. "గజ్జెలు! గజ్జెలు వెయ్యి!" వేలు నొక్కేసింది. స్టూడియోలో స్పీకర్లు నవ్వాయి. హమ్మయ్య, ఎవరో ఆడమనిషే నవ్వింది అని జనం ఊపిరి పీల్చుకుని తామూ నవ్వారు. చివరికి తల దించుకున్నావిడ కూడా నవ్వింది.

"ఈవిడెవరో గానీ," అంది కూతురు ఉన్నట్టుండి, పుస్తకంలోంచి తలెత్తకుండా, "ఎవర్నైనా తిట్టినప్పుడల్లా ముందు ఈవిడే నవ్వుతుంది. నాకు ఈవిడంటే అసహ్యం."

"నవ్వడానికి వాళ్ళకి డబ్బులిస్తారే," అంది నాయనమ్మ.

"ఇస్తే మాత్రం?"

ఆమె తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. సిగ్గు చెవుల్లోంచి మొదలై మెడ దాకా పాకింది. కన్నకూతురు తన నవ్వుని అసహ్యించుకుంది, అది ఒక సిగ్గు. కన్నకూతురికి తన నవ్వెలా ఉంటుందో తెలియనే తెలియదు. ఇది అంతకంటే పెద్ద సిగ్గు.

"మాడు వాసనొస్తోంది, చొక్కా చూసుకో," అన్నాడు భర్త.

సోమవారం ఆఫీసుకి వెళ్ళేసరికి జోలమ్మ ఇంటర్వ్యూ వచ్చి ఉంది. దాన్ని ముక్కలు చేసి, బావగారిని అనుకరించే కుర్రాడి వ్యాఖ్యానం కలిపి, కామెడీగా మార్చాలి. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. జోలమ్మ గొంతు బొంగురుపోయింది. సర్వరుకి క్షమాపణ చెప్పింది, ఇంటికి వెళ్ళి మరీ చెప్పానంది. బావగారి మాటకి బాధపడ్డారా అని అడిగాడు విలేకరి.

"మగవాళ్ళ మాటలు నాకు అలవాటే నాయనా. అక్కడ ముందుగా ఎవరో ఒకమ్మాయి నవ్వింది చూడు, ఎంత హాయిగా నవ్విందో... అదే ఇంకా చెవుల్లో వినపడుతోంది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అంటారు కదా." అని కళ్ళు తుడుచుకుంది.

"అక్కడ వెయ్యి," అన్నాడు వెనకాల నిలబడ్డ ప్రొడ్యూసర్. "ఆ కళ్ళు తుడుచుకునే చోట, గజ్జెలు."

"అది నా నవ్వు సార్."

"తెలుసు. బ్రహ్మాండమైన నవ్వు."

"ఇక వెయ్యను. తీసెయ్యండి."

ఆయన కోప్పడలేదు. ఆ మర్యాదే ఆమెని ఇంకా చిన్నబుచ్చింది. "నవ్వు నీదే గానీ రికార్డింగు చానల్‌దమ్మా. ఒంట్లో బాగాలేదేమో, టీ తాగిరా," అని ఆమె మీదుగా వంగి తనే బటన్ నొక్కాడు. ఆమె కూర్చున్న చోటే, ఆమె నోరు మూసుకుని ఉండగానే, ఆమె గలగలా నవ్వింది.

సాయంత్రం వంటింట్లో ఆమె గిన్నెలు కడిగి ఇస్తుంటే కూతురు తుడిచి పెడుతోంది. హాల్లో అత్తగారు కళ్ళు మూసుకుని పడుకుంది, భర్త ఫోను చూసుకుంటున్నాడు. ఆమె కడిగిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ కడుగుతోంది.

"నిన్న నీకు అసహ్యమన్నావే, టీవీలో నవ్వే ఆవిడ. అది నేనే."

కూతురు తలెత్తి చూసింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

"నువ్వు కాదులే అమ్మా. నువ్వసలు నవ్వవు కదా," అని ఇంకో గిన్నె అందుకుంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పిల్లే స్వయంగా తలుపు తీసి, తప్పించుకు పొమ్మన్నట్టే. ఆ పిల్ల దృష్టిలో అమ్మ అలసిపోయిన మంచి మనిషి. అలాగే ఉండిపోవచ్చు. కానీ తల దించుకున్న ముందు వరసావిడ గుర్తొచ్చింది, తుడుచుకున్న కళ్ళు గుర్తొచ్చాయి. చెబితే నమ్మని దానికి రుజువు ఒక్కటే ఉంది.

ఆమె కుళాయి కట్టేసింది. కళ్ళు మూసుకుని, ఆ పాత గదినీ, సగం గీసిన గడ్డాన్నీ తలుచుకుంది. నవ్వింది. రాదనుకుంది గానీ వచ్చింది, అదే నవ్వు, ఆ గలగలా మొత్తంగా, గిన్నెలన్నీ మోగేలా. కళ్ళు తెరిచేసరికి కూతురు గుడ్డ చేత్తో పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేసి ఉంది. ఆ పిల్ల మొహం చూస్తే ఇప్పుడు నమ్మిందని తెలుస్తోంది. ఆ మొహం ఆమె చూడాల్సి వచ్చింది, చూసింది.

"ఆ టీవీ గొంతు తగ్గించరా, చెవులు పగిలిపోతున్నాయి," అంది హాల్లోంచి అత్తగారు.

"టీవీ కట్టేసే ఉందమ్మా," అన్నాడు భర్త, అయోమయంగా.

ఆమె తడి చేతులతోనే గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

"టీవీ కాదత్తయ్యా, నేనే. నిన్న టీవీలో మొదట నవ్వింది కూడా నేనే."