చప్పుడు లేని బండి

మూడో చక్రం మీది చదును మూతను గట్టయ్య అరచేత్తో తట్టి ఊడదీశాడు. నాంపల్లిలో ఆ కార్ల సామాను దుకాణం ముందు ఏళ్ల తరబడి చేస్తున్న పనే. మోకాళ్ల దగ్గర ప్యాంటు అరిగి తెల్లబడింది. వేళ్ల సందుల నలుపు ఏ సబ్బుకూ లొంగదు.

"ఈ పళ్ళేలు చూడలేక చస్తున్నాను. ఆ మెరిసే పువ్వుల మూతలు వెయ్యి," అంది కారు పక్కన నిలబడ్డ నాగరత్నం.

"కరెంటు బండి కదా ఇది," భర్త రాధాకృష్ణమూర్తి నచ్చజెప్పబోయాడు. "చదునుగా ఉంటే గాలి జారిపోతుంది. సందులుంటే చక్రం గాలిని చిలుకుతుంది. చార్జి తినేస్తుంది."

"నాంపల్లిల గాలేడిది సారూ? గీడ అంత పొగనే గద!" అన్నాడు గట్టయ్య.

నాగరత్నం పకపకా నవ్వింది.

అంతలో గట్టయ్య ఫోను మోగింది. అఫ్జల్‌గంజ్ దవాఖాన నుంచి కూతురు రజని.

"నాయినా, ఇగ లాభం లేదు, ఇంటికి తీస్కపోన్రి అన్నరు డాక్టర్లు. అమ్మ ఇల్లు సూడాలంటుంది. బస్సుల కూసోలేదు. జల్ది బండి సూడు."

గట్టయ్య చేతులు తుడుచుకున్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. ఇన్నేళ్లలో ఏ గిరాకీనీ ఏమీ అడిగినవాడు కాదు.

"సారూ, జర మా ఇంటామె పూలమ్మను సిద్దిపేట దిక్కు, మా ఊరిదాక..."

మూర్తి కారులో చార్జి చూశాడు. "పెద్ద రోడ్డు మీద రానూపోనూ బొటాబొటి."

"ఆ పళ్ళేలే పెట్టెయ్ గట్టయ్యా," అంది నాగరత్నం. "నేను ఆటోలో పోతాలే. మీరు బయల్దేరండి."

తీసిన మూతలను అతడు మళ్ళీ బిగించాడు.

దవాఖానలో పూలమ్మను, రజనిని ఎక్కించుకున్న కారు నగరం దాటాక వేగమందుకుంది. ఇంజను చప్పుడు లేదు. చక్రాల పక్కనుంచి గాలి నిమ్మళంగా జారిపోతోంది. అందుకే వెనక సీట్లో పక్కన కూర్చున్న గట్టయ్యకు పూలమ్మ ఊపిరి స్పష్టంగా వినబడింది.

"వచ్చినమా?" అడిగిందామె.

"ఔ. దగ్గరికొచ్చినం," అన్నాడు. ఇంకా సగం దారి కూడా కాలేదు.

ఆ తరువాత అతడు ఊపిరినే వింటూ కూర్చున్నాడు. వింటూ వింటూ ఉండగానే అది వినబడడం మానేసింది. ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకున్నాడు.

అద్దంలో మూర్తి చూశాడు. "ఆపనా, గట్టయ్యా?"

"వద్దు సారూ, పోనియ్యున్రి. ఇల్లు సూస్తనన్నది."

ముందు సీట్లో రజని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది.

ఊళ్ళో నలుగురు వచ్చి పూలమ్మను దింపుకున్నారు. మూర్తి తిరుగు ప్రయాణమయ్యాడు. తలుపు వెయ్యడానికి వంగిన గట్టయ్య, కిటికీ అద్దం తుడవబోయి చెయ్యి దించేశాడు. ఆమె తల ఆనిన చోట, పొద్దున రజని రాసిన కొబ్బరినూనె మరక.