వాల్వుల నొప్పి

శనివారం పొద్దున్నే ఉప్మాకి పోపు పెడుతూ ఉజ్వల మొగుణ్ణి అడిగే మొదటి మాట, "ఇవాళ ఎక్కడ?"

"కుడి మోకాలు," అనేవాడు శశికాంత్.

"అయితే చెయిన్ లూజైంది. తినేసి బిగించుకోండి."

అమెరికాలో, బెంటన్‌విల్‌లో వాళ్ళ అద్దె ఇంటి గరాజ్‌లో ఎనభైల నాటి ఎర్రటి డర్ట్ బైక్ ఉండేది. దాని జబ్బులన్నీ సొంతదారు ఒంట్లోకి వచ్చేవి. కార్బ్యురేటర్‌లో నలక పడితే శశికాంత్‌కి గొంతు పట్టేసేది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్లో ఆయిల్ కారితే భుజాలు లాగేవి. వాల్వులు బిగుసుకుంటే ఎడమ ఛాతీలో ఎవరో పిడికిలి బిగించినట్టుండేది. బండి సరిచేసుకోగానే నొప్పి పోయేది. దాన్ని అతనికి అమ్మిన ముసలి రైతు తాళం చేతికిస్తూనే తన భుజం గుండ్రంగా తిప్పి చూసుకుని హాయిగా నవ్వాడు.

శశికాంత్‌కి ఒకచోట కూర్చోవడం చేతకాదు. కాంట్రాక్ట్ రెన్యూ అవుతుందా లేదా అని వారమంతా కుర్చీలో మెసిలేవాడు. శనివారం కొండదారుల్లో దుమ్ము తింటేనే అతనికి కాస్త నిద్ర పట్టేది. ఆ దుమ్ములోనూ ఏదో వెలితే. రెండువేల పదకొండు వేసవిలో, వెలితంతా పాత బండిదేనని తేల్చేశాడు. బటన్ నొక్కితే స్టార్టయ్యే కొత్త తెల్ల బండి కొన్నాడు. పాతదాన్ని తన టీమ్‌లోనే పనిచేసే కరీంనగర్ అమ్మాయి సుధకి ఇచ్చేశాడు.

కొత్త బండి మహా మౌని. ఏ నొప్పీ చెప్పదు. ఇన్ని గంటలు నడిస్తే ఆయిల్ మార్చాలి, అన్ని గంటలకి వాల్వులు చూపించాలి. పాతదానికైతే స్క్రూడ్రైవర్, సందు చూసే పల్చటి రేకు చాలు. దీనికి సగం బండి విప్పాలి, షాపులో కంప్యూటర్ తగిలించాలి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. పాతది అడపాదడపా అడవి మధ్యలో మొరాయించేది, కొత్తది ఒక్కసారీ ఆగలేదు. అదే అతనికి మింగుడు పడలేదు. మధ్యమధ్యలో దిగి బోల్టులు తడిమేవాడు. అన్నీ బిగువుగానే ఉండేవి, మరింత చిరాకు పుట్టేది.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు ఆఫీస్ మెట్లు ఎక్కుతుంటే ఎడమ ఛాతీలో పట్టేసింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు కార్ పార్కింగ్‌లోనే.

"వాల్వులు బిగుసుకున్నాయి. ఆ సుధ పట్టించుకోవట్లేదు," అన్నాడు ఇంటికొచ్చి.

"ఆ బండి ఇప్పుడు మీది కాదుగా! మా నాన్నకీ ఇలా ఎడమవైపే మొదలైంది. డాక్టర్ దగ్గరికి వెళ్దాం. నాకు భయంగా ఉందండీ."

"ఇన్నేళ్ళ అలవాటు. ఒంట్లోంచి అంత తొందరగా పోతుందా? ముందు దాని సంగతి చూడనీ."

ఉజ్వల ఆ వారమంతా పోరింది. అతను వినలేదు. శనివారం స్క్రూడ్రైవర్, రేకు జేబులో పెట్టుకుని సుధ అపార్ట్‌మెంట్‌కి బయల్దేరితే, పక్క సీట్లో ఆవిడా ఎక్కి కూర్చుంది.

సుధ పార్కింగ్‌లో ఎర్ర బండి తుడుస్తోంది.

"వాల్వులు ఎప్పుడు చూశావమ్మా?"

"నిన్ననే సెట్ చేసిన అన్నా. అంతకుముందు ఛాతిల ఒకటే పట్టేసినట్టుండె. ఇప్పుడు నాకు ఏడ నొస్తలేదు."

శశికాంత్‌కి నమ్మకం కుదరలేదు. మూతలు విప్పి రేకు దూర్చి చూశాడు. సందు సరిగ్గా ఉంది. రెండోదీ సరిగ్గానే ఉంది. మూతలు బిగించి కిక్ కొట్టాడు. ఇంజిన్ హాయిగా పలికింది. ఆపేసేసరికి అతనికి ఒళ్ళంతా చెమటలు. ఊపిరి అందక రెండు చేతులూ పెట్రోల్ ట్యాంక్ మీద ఆనించి వంగాడు.

వెనక మడ్‌గార్డ్ తుడుస్తున్న సుధ ఎడమ ఛాతీ పట్టుకుని కిందే కూలబడింది.

"అన్నా, ఇదేం నొప్పి! దవడ దాక గుంజుతుంది. వాల్వుల నొప్పి నాకెరుకే, ఇది అది కాదు!"

అతను ఉలిక్కిపడి చేతులు తీశాడు. సుధకి ఊపిరి ఆడింది. అనుమానం తీరక మళ్ళీ ఒక వేలు ట్యాంక్‌కి ఆనించాడు.

"తియ్యన్నా, దండం పెడత!"

అతను తీసేశాడు. ఉజ్వల అతని జేబులోంచి కారు తాళాలు లాక్కుంది.

"ఎక్కండి."

ఎక్కాడు. ఆసుపత్రి దారిలో ప్రతి సిగ్నలూ ఎరుపే. శశికాంత్ కిటికీ అద్దం దించాడు, ఎత్తాడు, బెల్టు సర్దుకున్నాడు. అతనికి చచ్చేంత భయం వేసింది. గుండెలో రక్తనాళం పూడుకుపోయిందనీ, ఇంకొక్క రోజు ఆగి ఉంటే తామూ చేయగలిగిందేమీ ఉండేది కాదనీ డాక్టర్ ఆ సాయంత్రం ఉజ్వలతో చెప్పాడు.

కానీ అంతకుముందు, మంచం మీద పడుకోబెట్టగానే నర్సు అడిగింది, ఈ నొప్పి ఎప్పట్నుంచి అని. వాల్వుల మాట అతని నోటిదాకా వచ్చింది. ఉజ్వల వైపు చూసి మింగేశాడు.

"చాలా రోజులైంది," అన్నాడు. ఎవరిదని నర్సు అడగలేదు. అయినా చెప్పాడు, "నాదే."